మందుకు లొంగని పురుగు వెంట నెల్లూరు తీరం

నెల్లూరు వెళ్లొచ్చానంటే కాలేజీలో అందరూ చేపల పులుసు ఎలా ఉందని అడిగారు. ఆరు రోజుల్లో నేను ఆ పులుసు తిన్నది ఒక్కసారి. మిగతా సమయమంతా మే నెల ఎండలో ఒక ఐస్ పెట్టెను వెంటేసుకుని తిరుగుతూ, కనబడిన ప్రతి మనిషీ "ఏం కాదులే మేడమ్" అంటుంటే పళ్లు నూరుకుంటూ గడిపాను.

నేను రాజమండ్రిలో ఒక డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ పాఠాలు చెబుతాను. నా క్లాస్‌మేట్ శారద నెల్లూరులో ఒక ఆస్పత్రి ల్యాబ్ చూసుకుంటుంది. సెలవులు ఇచ్చిన వారానికి ఫోన్ చేసింది. ముత్తుకూరు అవతల ఒక సముద్రం ఒడ్డు ఊళ్లో ఈస్టరు రోజున చర్చిలో విందు జరిగిందట. ఆ మర్నాటి నుంచి ఊళ్లో సగం మందికి వాంతులు, విరేచనాలు. చాలామంది లేచి తిరిగారు. ఎస్తేరు అనే పాలిచ్చే తల్లి మాత్రం చావు దాకా వెళ్లొచ్చింది. ఇచ్చిన ఏ మందూ ఒక పట్టాన ఆమె మీద పనిచేయలేదు.

"ఊరంతా వంట చేసినామెనే తిడతా ఉందే లలితా. ఆ పురుగు ఎక్కడిదో చూడాల. ఇక్కడ నాకు ఊపిరాడటం లేదు, నువ్వు రా" అంది శారద.

సెలవుల్లో మామిడికాయలు ఆవకాయకి తరగాల్సిన దాన్ని, టికెట్ కొనుక్కున్నాను.

నెల్లూరు

మంగళవారం తెల్లారి రావలసిన రైలు ఎండ ఎక్కాక దించింది. స్టేషన్ బయట ఆటో అతను రెండు వందలు అడిగాడు. ఇంత దగ్గరకా అంటే, "ఎండ చూసినారా మేడమ్?" అన్నాడు, ఎండకు కూడా అతనే యజమాని అన్నట్టు. ఆస్పత్రి ఎదురుగా కారం దోసె తిన్నాను. పెసరట్టు మీద పెరిగిన మా గోదావరి నాలుకకు ఆ ఎర్రకారం ఒక హెచ్చరికలా తగిలింది. కళ్లు తుడుచుకుంటూనే ఇంకోటి చెప్పాను.

శారద నన్ను కుర్చీలో కూడా కూర్చోనివ్వకుండా గాజు పళ్లేలు చూపించింది. రోగి మలంలోంచి పెంచిన బ్యాక్టీరియా మీద మందులు పూసిన చిన్న కాగితం బిళ్లలు పెడతారు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఎస్తేరు పళ్లెంలో ఒక్కటి తప్ప మిగతా బిళ్లల అంచు దాకా పురుగు దర్జాగా పెరిగి ఉంది. ఇది సాల్మొనెల్లా, తిండిలోంచి వచ్చే జబ్బుల్లో పాత నేరస్తురాలు.

"ఇది చూడు" అని పక్క పళ్లెం తీసింది. అది అదే రోగి పేగులోని మామూలు ఈకోలై, అందరి పేగుల్లో ఉండేది, ఏ హానీ చేయనిది. అదీ సరిగ్గా అవే మందులను తట్టుకుంటోంది.

రెండు వేర్వేరు జాతులు, ఒకటే జాబితా. అక్కడే నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే అది యాదృచ్ఛికం కాదని నేను ఏటా పిల్లలకు చెప్పే పాఠమే. బ్యాక్టీరియాకు తన అసలు డీఎన్‌ఏ కాక, విడిగా చిన్న చుట్టలా మరికొంత డీఎన్‌ఏ ఉండవచ్చు. దాన్ని ప్లాస్మిడ్ అంటారు. పక్కన తగిలిన బ్యాక్టీరియాకు, అది వేరే జాతిదైనా సరే, ఆ చుట్ట నకలు ఒకటి అందించేయగలదు. గుణాలు తల్లి నుంచి బిడ్డకే వస్తాయని మనం అనుకుంటాం. ఇవి దారిన పోయే వాళ్లకు కూడా పంచిపెడతాయి. పైగా కొన్ని జన్యువులు ఒక చుట్ట మీద నుంచి ఊడి ఇంకో చుట్టకు అతుక్కుంటాయి. అలా మందును తట్టుకునే గుణం, పేగును పట్టి పీడించే గుణం ఒకే చుట్ట మీద చేరవచ్చు. అప్పుడు మనం అక్కర్లేని చోట మందు వాడిన ప్రతిసారీ, మందును తట్టుకునే దాన్నే కాదు, జబ్బు చేసే దాన్ని కూడా పెంచి పోషిస్తున్నట్టు.

"అయితే ఆ చుట్ట ఆ ఊళ్లోకి ఎక్కడ్నించి వచ్చింది?" అన్నాను.

"అందుకే కదా నిన్ను పిలిచింది" అంది శారద.

ముత్తుకూరు దాటాక

బుధవారం పొద్దున శారద మాట్లాడి పెట్టిన కారు వచ్చింది. డ్రైవర్ మస్తాన్‌కి యాభై దాటి ఉంటాయి. ప్రపంచంలో తెలియని విషయం లేదు. శుభ్రమైన ఐస్ పొట్లాలతో నేను సిద్ధం చేసుకున్న పెట్టెలో, తాళం వేయకముందే తన పెరుగు ప్యాకెట్, నీళ్ల సీసా పెట్టేశాడు.

"మస్తాన్ అన్నా, ఇందులో పురుగుల శాంపిల్స్ పెట్టాలండీ!"

"ఇంకా పెట్టలా కదా మేడమ్. ఏం కాదులే."

ముత్తుకూరు దాకా బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ వెళ్లాం. కరెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు ఎంత దూరం పోయినా వెనక నుంచి చూస్తున్నట్టే ఉన్నాయి. మస్తాన్‌కి జలుబు చేసింది. జేబులోంచి ఒక మాత్ర తీసి మింగాడు. చూస్తే అది యాంటీబయాటిక్. జలుబు వైరస్ వల్ల వస్తుందని, ఆ మాత్ర దాన్ని ఏమీ చేయదని చెప్పాను. రెండు రోజులు మింగితే ఎప్పుడూ తగ్గిపోతుందన్నాడు. మింగకపోయినా తగ్గేదన్నాను. "మీరు చదువుకున్నోళ్లు, మీకు అట్టనే ఉంటాది" అని అద్దంలో చూసి నవ్వాడు.

ఆ ఊరి పేరు రాయను. అక్కడ చేపలమ్ముకుని బతికే ఆడవాళ్లకు నా వల్ల నష్టం రాకూడదు.

కరుణమ్మ

వంట చేసిన కరుణమ్మ ఇల్లు చర్చికి రెండు వీధుల అవతల. పెళ్లిళ్లకు, ప్రార్థన కూటాలకు వండిపెట్టడమే ఆమె పని. నేను వెళ్లేసరికి పెద్ద డేగిసాలు వాకిట్లో బోర్లించి ఉన్నాయి. ఈస్టరు తర్వాత వాటిని ఎవరూ అడగలేదు.

"ఆఫీసరమ్మా మీరు?" అంది.

కాదని, పాఠాలు చెప్పుకునే దాన్నని చెబితే కాస్త కుదురుగా కూర్చుంది. ఆ రోజు ఏమేం వండిందో ఒక్కొక్కటీ చెప్పించాను. అన్నం, పప్పు, రొయ్యల కూర, వంకాయ, మజ్జిగ. రొయ్యలు ఎంతసేపు ఉడికించిందో, చేతులు ఎక్కడ కడిగిందో, కత్తిపీట ఎన్నిసార్లు కడిగిందో విసుక్కోకుండా చెప్పింది. నా విద్యార్థులు ల్యాబ్ పరీక్షలో కూడా అంత వరసగా చెప్పరు.

"కూర కుతకుతలాడతా ఉన్నప్పుడే వడ్డించినానమ్మా. ఎట్టా పురుగు పడతాది? నా సొంత చెల్లెలు కూడా నా ఇంట్లో నీళ్లు తాగటం మానేసింది" అంది. ఏడవలేదు. ఏడవడం ఎప్పుడో అయిపోయినట్టు ఉంది.

మా మాటలు విని చర్చి పెద్ద ఏసుపాదం వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో బైబిలు. నాకు నమస్కారం పెట్టి, ఆమె ముందే మొదలుపెట్టాడు. "మేడమ్, మేం ఎవురినీ ఊరికే అనం. ఆ యమ్మ చేతి శుభ్రం లేకనే ఇంతమంది పడినారు. ఎస్తేరు బిడ్డ తల్లి లేకుండా పోయేది."

"మజ్జిగ కూడా ఈవిడే చేశారా?" అని అడిగాను.

"పెరుగు చిలికింది నేనే" అంది కరుణమ్మ. "ఐస్ మాత్రం నేను ఏయలా. చేపల పెట్టెల్లో ఏసే ఐసే, పగలగొట్టి కలిపినారు."

"ఎవరు?"

ఏసుపాదం గొంతు సవరించుకున్నాడు.

"నేనే తెచ్చినా. అంత ఎండలో జనం చల్లగా తాగొద్దా? ఐస్‌లో పురుగు ఎట్టా బతుకుతాది మేడమ్, చలికి చచ్చిపోదా?"

"అన్నీ చావవండీ. గడ్డకట్టినప్పుడు కొన్ని గమ్మున పడుంటాయి. కరగగానే లేస్తాయి."

"అదంతా పుస్తకాల మాట" అని లేచి వెళ్లిపోయాడు. ఆయన్ను గట్టిగా ఏదో అనాలనిపించింది. కానీ చెప్పడానికి నా చేతిలో అప్పటికి ఒక్క పళ్లెం కూడా లేదు.

ఐస్, రొయ్యల గుంట

ఊరి చివర ఐస్ తయారుచేసే చోటికి వెళ్లి అందరిలాగే ఒక ముక్క కొన్నాను. శుభ్రమైన సంచిలో కట్టించమంటే అక్కడి మనిషి నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. నీళ్లు ఎక్కడివంటే వెనక బావి చూపించాడు. బావికి పది అడుగుల్లో కాలువ. రొయ్యల గుంటల్లో నీళ్లు మార్చినప్పుడు పాతవన్నీ అందులోకే.

కాలువ పట్టుకుని పోతే మొదటి గుంట పెంచలయ్యది. ఒకప్పుడు అందులో వరి పండించేవాడు. ఉప్పు ఎక్కి పంట రాక రొయ్యల్లోకి దిగాడు. నన్ను నీడలో కూర్చోబెట్టి, వాళ్లావిడ చేత మామిడికాయ వేసిన చేపల పులుసు, వేడన్నం పెట్టించాడు. నేను తిన్న ఆ ఒక్క పులుసు ఇదే. మా గోదావరి పులస చేప గురించి మేం చెప్పుకునే గొప్పలన్నీ ఒక పూటకు మానుకోవచ్చు, అంత బాగుంది.

తిన్నాక గట్టు మీద మందుల డబ్బాలు చూశాను. వాటిలో ఒకటి మనుషులకు ఇచ్చే యాంటీబయాటిక్ పొడి.

"ఇది దేనికండీ?"

"మేతలో కలుపుతాం. కన్సల్టెంట్ చెప్పినాడు."

"రొయ్యలకు జబ్బు చేసిందా?"

"చేయకుండానే" అన్నాడు. "పోయినసారి మూడు రోజుల్లో గుంటలో రొయ్యలన్నీ చచ్చి తెల్లగా తేలినాయి మేడమ్. ఆ వాసన మా ఇంట్లో నెలరోజులు పోలా. మా ఆవిడ అన్నం ముట్టలా. ఇది ఎయ్యొద్దంటే ఇంకేం ఎయ్యాలో చెప్పండి, ఎయ్యను."

నేను చెప్పగలిగినవన్నీ చెప్పాను. ఆ పొడి చంపేది బలహీనమైన పురుగులనే అని, మిగిలినవి తమ చుట్టలను నీళ్లలోని మిగతా జాతులకు పంచుతాయని, రొయ్యకు ఏ హానీ చేయని పురుగు దాచుకున్న ఆ చుట్ట రేపు మనిషికి జబ్బు చేసే పురుగు చేతికి వెళ్తుందని. గుంటలో రొయ్యలు తక్కువ వేసి, నీళ్లు శుభ్రంగా ఉంచుకోమన్నాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"తక్కువ ఏస్తే మిగలదు మేడమ్" అన్నాడు మెల్లగా.

విసుగు వచ్చింది, ఆయన మీద కాదు. అంత ఓపిగ్గా విన్న మనిషికి ఇవ్వడానికి నా దగ్గర పాఠం తప్ప ఇంకేమీ లేనందుకు. గుంట నీళ్లు, అడుగు బురద, గట్టు పక్క షెడ్డులోని కోళ్ల పెంట మూడు సీసాల్లో పట్టుకున్నాను.

తిరుగు దారిలో ముత్తుకూరులో మస్తాన్ కారు ఆపి, మేం సుగంధి అనే నన్నారి షర్బత్ తెచ్చాడు. పొద్దుటి నుంచి మూడు చోట్ల ఐస్ వద్దన్న దాన్ని, తల పగిలిపోతుంటే ఏమీ ఆలోచించకుండా రెండు గుక్కల్లో తాగేశాను. గ్లాసు అడుగున ఐస్ ముక్క కనిపించాకే తెలివి వచ్చింది. ఆ సాయంత్రమే సీసాలన్నీ శారద చేతికిచ్చాను. ఆ ముక్క సంగతి మాత్రం చెప్పలేదు.

బిట్రగుంట

గురువారం ఎస్తేరును చూడటానికి బిట్రగుంట వెళ్లాం. ఆస్పత్రి నుంచి వచ్చాక పుట్టింట్లో ఉంటోంది. వాళ్ల నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. పాత రైల్వే కాలనీ వీధులు ఎంత వెడల్పంటే, పట్నంలో అయితే ఒక్కో వీధిలో ఇంకో వీధి కట్టేసేవారు.

ఎస్తేరు పాతికేళ్ల పిల్ల. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. ఒళ్లో ఆరు నెలల పాప, నోట్లో పాలసీసా.

"పాలు ఆరిపోయినాయి మేడమ్. ఆస్పత్రిలో ఉన్నప్పుడు డాక్టరమ్మ మందు మార్చేటప్పుడల్లా పాపని చూసుకునేదాన్ని. ఇదే ఆఖరుసారేమో అనుకునేదాన్ని."

విందులో ఏం తిన్నావని అడిగాను. రొయ్యలు ముట్టుకోలేదంది. తింటే ఒంటి మీద దద్దుర్లు వస్తాయట. వేడి అన్నం, పప్పు తిని, పాలు పడతాయని మజ్జిగ మూడు గ్లాసులు తాగింది.

నేను రాసుకోవడం ఆపేశాను.

సాయంత్రం బయల్దేరబోతే కారు రేడియేటర్ నుంచి పొగ వచ్చింది. మస్తాన్ మొదటిసారి "ఏం కాదులే" అనలేదు. వాళ్లింట్లోనే ఆగిపోయాం. తెల్లవారుజామున నాకు విరేచనాలు పట్టుకున్నాయి. ఎండెక్కేసరికి గోడ పట్టుకోకుండా నిలబడలేకపోయాను. మస్తాన్ తన జేబులోని మాత్రలు చేతిలో పెట్టాడు. నెల్లూరు దాకా కారులో కూర్చోవాలన్న భయంతో, పాఠాలు చెప్పే ఈ నోట్లోనే రెండు వేసుకుని మింగాను.

ఎస్తేరు గుమ్మంలోంచి చూసింది.

"అవి డాక్టరు రాసినాడా మేడమ్?"

తల అడ్డంగా ఊపాను. తను లోపలికి వెళ్లి చెంబు నిండా ఓఆర్ఎస్ నీళ్లు కలుపుకొచ్చింది. పక్కన కూర్చుని గ్లాసు గ్లాసుకీ లెక్క చూస్తూ తాగించింది. మధ్యాహ్నం గంజి కాచి ఇచ్చింది. మూడు వారాల కిందట తనకు నర్సు చేసినవన్నీ గుర్తు పెట్టుకుని నాకు చేసింది. అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

మళ్లీ నెల్లూరు

శుక్రవారం సాయంత్రం బాగుచేసిన కారులో శారద ఇంటికి చేరాను. షర్బత్, మాత్రలు, అన్నీ చెప్పేశాను. తిట్టడానికి ఆమె దగ్గర చాలా మాటలున్నాయి, అన్నీ వాడింది. తర్వాత ఒక డబ్బా చేతికిచ్చి, "నీది కూడా ఇవ్వు, పరీక్షకి" అంది.

ఆదివారం పొద్దున్నే ల్యాబ్ నుంచి ఫోన్. ఐస్‌లో సాల్మొనెల్లా పెరిగింది. బిళ్లల వరస ఎస్తేరు పళ్లెంతో సరిపోయింది. గుంట నీళ్లలో సాల్మొనెల్లా లేదు. కానీ నీళ్లలోని ఈకోలైది, కోళ్ల పెంటలోని ఈకోలైది అదే జాబితా. చుట్ట ఒకటేనా కాదా అన్నది తేలడానికి ఇంకా వారాలు పడుతుంది. ఈస్టరు రోజు ఐస్‌లోనే పురుగు ఉందని నేను ప్రమాణం చేయలేను, ఆ ఐస్ ఎప్పుడో కరిగిపోయింది. అయినా ఆగాలనిపించలేదు, ఆ ఊరి చర్చికి బయల్దేరాను.

చర్చి

అడిగితే, అక్కడి పాస్టరు గారు ఆరాధన ముగిశాక నాకు మైకు ఇచ్చారు. ఒకటిన్నర గంట చాప మీద కూర్చుని లేచేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి. తెలిసింది ఇది, తెలియనిది ఇది అని విడివిడిగా చెప్పాను. ఉడికిన కూరలో ఈ పురుగు బతకదని, ఐస్‌లో బతికిందని, ఆ ఐస్ తాగడానికి చేసింది కాదని చెప్పాను. ఎస్తేరు ఆ రోజు రొయ్యలు తినలేదని కూడా చెప్పాను.

వెనక నుంచి ఒకాయన అడిగాడు. "అయితే ఇదంతా కరుణమ్మ చేతి దోషం కాదంటారా?"

అంతా చెప్పాక ఆ ప్రశ్న! మైకు అక్కడ పడేసి రాజమండ్రి రైలు ఎక్కేయాలనిపించింది. "కాదండీ! కాదు! ఆవిడ వండిన ప్రతిదీ శుభ్రంగా వండింది" అని అరిచినంత పని చేశాను. మైకు కీచుమంది.

అప్పుడు ముందు వరసలోంచి ఏసుపాదం లేచాడు. బైబిలు కుర్చీ మీద పెట్టాడు.

"ఐస్ తెచ్చింది నేను" అన్నాడు. "ఈ మేడమ్ అడిగిన రోజే నాకు అనుమానం వచ్చింది. ఇంటికి పోయి తలుపేసుకున్నా గానీ, నోరు తెరవలా. ఆ యమ్మను అనరాని మాటలు అన్నా. అందరి ముందర అన్నా, అందరి ముందరే చెప్తా ఉండా. తప్పు నాది."

ఆడవాళ్ల వైపు చూశాను. కరుణమ్మ చివరి వరసలో గోడకు ఆనుకుని ఉంది. ఆయన వైపు తిరగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచి, ఎండలోకి వెళ్లిపోయింది. ఎవరూ ఆపలేదు. ఆమె చెల్లెలు ఒక్కతే చెప్పులు కూడా వేసుకోకుండా వెనక పరుగెత్తింది.

రాజమండ్రి

ఇంటికొచ్చి నెల దాటాక శారద ఫోన్ చేసింది. ఎస్తేరు సాల్మొనెల్లాలో, ఐస్‌లో, గుంట నీళ్లలో, కోళ్ల పెంటలో ఉన్న చుట్ట ఒకటేనట. మందులను తట్టుకునే జన్యువులు, జబ్బుకు సాయపడే జన్యువులు దాని మీద పక్కపక్కనే ఉన్నాయి. ముందు కోళ్ల నుంచి గుంటకు వచ్చిందో, గుంట నుంచి కోళ్లకు పోయిందో తెలియదు. ఐస్ చేసే చోట నీళ్లను శుద్ధిచేసే ఏర్పాటు పెట్టించారట. పెంచలయ్య పొడి మానాడో లేదో ఆమెకు తెలియదు.

"ఇంకోటుందే" అంది శారద. "నీ పేగులోని ఈకోలైలో కూడా అదే ఉంది."

ఆ షర్బత్‌తోనే వచ్చిందో, ఇంకెక్కడ తగిలిందో చెప్పలేం. నేను మింగిన ఆ రెండు మాత్రలు మాత్రం దానికి చోటు ఖాళీ చేసిపెట్టి ఉంటాయి. ప్రస్తుతం నాకు ఏ జబ్బూ లేదు. కొన్ని నెలల్లో దానంతట అదే పోవచ్చు, పోకపోనూ వచ్చు. ఈలోగా నేను గోదావరి దాకా దాన్ని మోసుకొచ్చేశాను. సబ్బుతో చేతులు రుద్ది రుద్ది అరచేతులు పగిలాయి.

కరుణమ్మకు ఫలితాలు చెబుతానని మాటిచ్చాను కనుక ఫోన్ చేశాను. వెనకాల గరిటె చప్పుడు వినిపించింది. ఎవరిదో నిశ్చితార్థానికి వండుతోందట. ఏసుపాదం రెండుసార్లు ఇంటికి వచ్చి వెళ్లాడంది. మూడోసారి వస్తే కూర్చోమంటుందట. చుట్ట సంగతి నాకు చేతనైనట్టు చెప్పాను. అది ఇప్పుడు నా ఒంట్లో కూడా ఉందని చెప్పాను.

గరిటె చప్పుడు ఆగింది.

"అయ్యో, అట్టనా అమ్మా? మరి మీ ఇంట్లో మిమ్మల్ని ఎవురన్నా ఏమన్నా అంటా ఉండారా?"

"లేదు కరుణమ్మా. ఎవరూ ఏమీ అనడం లేదు."

"మీ చేతి నీళ్లు తాగతా ఉండారు కదా?"

"తాగుతున్నారు."

"అంతే చాల్లే అమ్మా" అంది. గరిటె మళ్లీ కదిలింది.